కూర్పు నేర్పిన చిన్నాయన

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం నేను తొమ్మిదో తరగతి పిల్లలకు బీజగణితం చెప్తుండగా బడి అటెండరు తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. “టీచరమ్మా, దవాఖాన నుంచి మనిషొచ్చిండు. గుండెజబ్బు సారు పోయిండట” అన్నాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పోయింది మా చిన్నాయన, మా నాయనకు ఒక్కగానొక్క తమ్ముడు. బొంబాయిలో కంప్యూటర్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన మనిషి. మెదక్‌లో ఎంతోమంది పిల్లలకు రేఖాగణితమంటే భయం పోగొట్టిన మనిషి. హార్మోనియం వాయించేవాడు, చేపల పులుసు వండేవాడు, ఓడిపోతే అలిగే క్యారమ్స్ ఆటగాడు. ఇన్ని ఉండగా ఈ ఊరు ఆయనకు పెట్టుకున్న పేరు గుండెజబ్బు సారు. చివరికి చావు కబురు కూడా ఆ పేరు మీదే వచ్చింది.

ఈ నాలుగు మాటలు ఆ కోపం తగ్గకముందే రాస్తున్నాను. నెమ్మదిగా రాయడం నాకిప్పుడు చేతకావడం లేదు.

చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి ఆయన గుండె కవాటం ఒకటి పాడైంది. పరుగెత్తకూడదు, బరువులెత్తకూడదు, మెట్లు చూసి ఎక్కాలి. చర్చి మెట్లు ఎక్కేటప్పుడు సగంలో ఆగేవాడు. ఆగింది ఆయాసం వల్ల అని పక్కవాళ్లకు తెలియకూడదని ఏదో ఒక ప్రశ్న వేసేవాడు. “గా గోపురం నీడ పొద్దుగూకెటాళ్లకు ఏడిదాక పోతది, చెప్పు బిడ్డా?” మనం తల గోక్కుని లెక్క కట్టేలోగా ఆయన ఊపిరి కుదుటపడేది. జవాబు వినకుండానే మళ్లీ నడిచేవాడు. నాకు లెక్కలు ఇష్టమైంది ఆ మెట్ల మీదే.

ఎవరినైనా ఒక్క లక్షణంతో పిలిస్తే ఆయనకు గిట్టేది కాదు. ఒకసారి మా అమ్మ “కుంటి మల్లయ్యను పిలువు, కట్టెలు కొట్టాలె” అంది.

“మల్లయ్యకు కాలు కుంటుతది వదినా, నిజమే. గొంతు గూడ ఉన్నది గద, ఎంత మంచిగ పాడతడు! పాట మల్లయ్య అనరాదు?”

“సరే, పాట మల్లయ్యనే పిలువు. ఎట్ల పిలిచినా కుంటుకుంటనే వస్తడు” అంది అమ్మ.

ఆయన చాదస్తం ఇంట్లో అందరికీ విసుగే. మాట మధ్యలో ఆపి “ఆయనకు అది ఉన్నది అను, ఆయన అదే అనకు” అనేవాడు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికి కూడా ఆయన ఎదుట ఆలోచించుకోవాల్సి వచ్చేది.

బొంబాయి పరుగులు, అక్కడి మేడమెట్లు పడవని డాక్టర్లు చెప్పాక ఆయన మెదక్ వచ్చేశాడు. చర్చి కాంపౌండ్‌కు దగ్గర్లోని మా ఇంట్లో ముందు గది తీసుకున్నాడు. పిల్లలకు ట్యూషన్ చెప్పేవాడు కానీ మనసు ఆ యంత్రం దగ్గరే ఉండేది. మాట్లాడుకోవడానికి తోడు కావాలని నాకు ప్రోగ్రాము రాయడం నేర్పాడు. అప్పటికి మా వీధుల్లో కంప్యూటర్ చూసినవాడు ఆయనొక్కడే. చూడకుండా నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఈరోజుకీ నేను ఆ యంత్రాన్ని కళ్లారా చూడలేదు.

ఆయనకు ప్రాణమైన కంప్యూటర్ భాష పేరు సిములా. అందులో క్లాసు అనే మాట ఉంది. బడిలో తరగతి కాదు. ఒక రకం వస్తువు ఎలా ఉంటుంది, ఏమేం చేయగలదు అని ఒకసారి రాసి పెట్టుకునే వివరణ. ఆ వివరణ ప్రకారం యంత్రంలో ఎన్ని వస్తువులనైనా పుట్టించుకోవచ్చు. వాటిని ఆబ్జెక్టులంటారు. ఒక క్లాసు కింద పిల్లక్లాసును రాస్తే అది తల్లి గుణాలన్నీ తెచ్చుకుంటుంది. అదొక పద్ధతి. అలా కాకుండా ఒక ఆబ్జెక్టు తనలో ఇంకొన్ని ఆబ్జెక్టులను పెట్టుకుని వాటితో పని చేయించుకోవడం రెండో పద్ధతి. ఈ రెండోదాన్ని చిన్నాయన కూర్పు అనేవాడు. ఇదంతా కాగితం మీది ముచ్చట అనుకునేదాన్ని, యాదమ్మకు అలా జరిగేదాకా.

యాదమ్మ హవేలిఘనపూర్ నుంచి మా ఎదురింటికి కోడలిగా వచ్చిన అమ్మాయి. కడుపుతో ఉండగా జ్వరం వచ్చింది. బజారు వెనక వీధిలో దాతల కమిటీ ఒకటి నడిపే చిన్న దవాఖానా ఉంది. పేరెందుకు. అక్కడ కొత్తగా రంగు చీటీలు పెట్టారు. జ్వరానికి ఎర్ర చీటీ, గర్భిణులకు ఆకుపచ్చ, దెబ్బలకు తెల్లది, గుండె ఆయాసం వాళ్లకు నీలం. మనిషికి ఒక్కటే చీటీ, ఒక్కటే లైను.

యాదమ్మ ఆకుపచ్చ లైనులో నిలబడింది. అక్కడి నర్సు చెయ్యి పట్టి చూసి “ఒళ్లు కాలుతున్నది, నీది జ్వరం లైను” అని పంపింది. జ్వరం దగ్గర కంపౌండరు “కడుపుతోని ఉన్నవు, నేను మందియ్యరాదు, ఆకుపచ్చ లైనుకు పో” అన్నాడు. ఆ పిల్ల అటూ ఇటూ తిరిగింది. ఇంతలో పొద్దుటిపూట రోగులను చూసే వేళ అయిపోయి గదులకు తాళాలు పడ్డాయి. ఆ వారంలోనే కడుపు పోయింది.

ఆ రోజు ఆ తిరుగుడంతా నీలం చీటీ పట్టుకుని బల్ల మీద కూర్చున్న చిన్నాయన చూశాడు. తన వంతు వదులుకుని లేచి వెళ్లి కంపౌండరును అడిగాడట. “మీరు గుండెజబ్బు సారు గద, మీ లైన్ల మీరు కూసోండ్రి” అన్నాడట అతను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయాడు. “ఎవ్వరు తప్పు చెయ్యలె బిడ్డా. నర్సు తన పని చేసింది, కంపౌండరు తన పని చేసిండు. ఆమెను రాసుకున్న తీరే తప్పు” అన్నాడు.

మర్నాడు దవాఖానా డాక్టరమ్మ దగ్గరకు ఇద్దరం వెళ్లాం. ఆమెది గుంటూరు వైపు. కష్టపడే మనిషి, కోపిష్ఠి కాదు. చిన్నాయన చెప్పిందంతా విన్నది. చీటీలు తీసేసి, వచ్చిన మనిషిని ముందే కూర్చోబెట్టి ఉన్న బాధలన్నీ అడిగి, ఏ బాధకు ఏ గదో రాసిస్తే సరిపోతుందన్నాడు.

“మాస్టారూ, మీరన్నది బాగానే ఉంది. కానీ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అన్నీ అడుగుతూ పోతే లైను రోడ్డెక్కుతుంది. రక్తం కారుతూ వచ్చినవాడు ఆ లైనులోనే పడిపోతాడు. దానికేమంటారు?”

న్యాయమైన ప్రశ్నే. “చెప్తే నమ్మరమ్మా. లెక్క గట్టి చూపెడుత” అని చిన్నాయన లేచాడు.

నిజం దవాఖానాలో ప్రయోగాలు చేస్తే మనుషులు పోతారు. యంత్రంలో ఒక ఉత్తుత్తి దవాఖానా కట్టి ఉత్తుత్తి మనుషులను పంపితే ఎవరికీ ఏమీ కాదు. సిములా పుట్టిందే అలాంటి పనికి. ఎవరు ఎంతసేపు ఆగుతున్నారో, ఏ గదిలో ఎంతసేపు పడుతుందో గేటు పక్కన కూర్చుని రోజుల తరబడి చూశాం. తర్వాత ప్రోగ్రాము మొదటి రాత నాకు అప్పజెప్పాడు.

నేను వారం రోజులు కూర్చుని గొప్పగా రాశాను. రోగి అనే తల్లిక్లాసు. దాని కింద జ్వరం రోగి, గర్భిణి రోగి, దెబ్బల రోగి, గుండె రోగి. వంశవృక్షంలా చూడముచ్చటగా ఉంది. చిన్నాయన చదివి పక్కన పెట్టాడు.

“యాదమ్మ ఇందుల ఏడికి పోవాలె?”

“జ్వరం గర్భిణి అని ఇంకో క్లాసు రాస్త.”

“గడప తట్టుకొని కాలిరిగింది అనుకో ఆమెకు.”

“జ్వరం, దెబ్బ, గర్భిణి మూడు కలిపి ఇంకోటి రాస్త.”

“రాయి. ఎన్ని రాస్తవో నేను గూడ చూస్త. సరే, డాక్టరమ్మ మందిచ్చింది, జ్వరం దిగింది. ఇప్పుడు యాదమ్మ ఏ క్లాసు?”

నేను పెన్సిల్ కింద పెట్టాను. ఆ భాషలో ఒక ఆబ్జెక్టు ఏ క్లాసులో పుడితే చివరిదాకా ఆ క్లాసే. మార్చే వీలు లేదు.

“చూసినవా? దవాఖానోళ్లు చేసిందే నువ్వు గూడ చేసినవు. వాళ్లు రంగు కాయితమిచ్చిండ్రు, నువ్వు క్లాసిచ్చినవు. మనిషికి జబ్బు ఉంటది బిడ్డా. మనిషి జబ్బు గాదు.”

ఒళ్లు మండింది నాకు. వారం కష్టం. కానీ ఆయన పెన్సిల్ తీసుకుని అప్పటికప్పుడు వేరే దారి చూపించాడు. మనిషి అనే క్లాసు ఒక్కటే. బాధ అనేది వేరే క్లాసు. ప్రతి మనిషిలోనూ బాధల వరుస ఒకటి ఉంటుంది. అందులో ఒకటుండొచ్చు, నాలుగుండొచ్చు. కొత్తది చేరొచ్చు, తగ్గినది పోవచ్చు. మనిషి మాత్రం అదే మనిషి. ఏ గదికి పోవాలి, ఎంతసేపు పడుతుంది అనేది బాధకు తెలుసు. మనిషి తన బాధలను అడిగి నడుచుకుంటుంది.

“ఇంత చాకిరి ఎందుకు చిన్నాయనా? మనిషిని ఏదడిగినా, ఆగు నా బాధను అడిగి చెప్త అంటది. రాతపని డబుల్ అయితది.”

“అయితది. లేదంటలేను. ఇప్పుడు చేతులు నొస్తయి, తర్వాత తల నొయ్యదు.”

“మరి పిల్లక్లాసులు ఎందుకు పెట్టిండ్రు భాషల, ఊరికెనా?”

“ఊరికెందుకు? మలేరియా అంటే జ్వరమేనా, కాదా?”

“జ్వరమే.”

“ఆడ రాసుకో. మలేరియా జ్వరం కింద పిల్లక్లాసు. ఎవరొద్దన్నరు? అయ్యేదాన్ని అయ్యేతీరు రాయాలె, ఉండేదాన్ని ఉండేతీరు రాయాలె. రెండు కలగాపులగం చేస్తేనే పరేషాన్.”

అసలు పరేషాన్ ఆ తర్వాత మొదలైంది. మేము కాగితాల మీద పెద్ద అక్షరాలతో రాసి బొంబాయికి పోస్టు చేయాలి. అక్కడ చిన్నాయన స్నేహితుడొకాయన వాటిని యంత్రం చదివే కార్డుల మీద చిల్లులుగా గుద్దించి, యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు నడిపించి, అచ్చైన కాగితాలను తిరిగి పంపాలి. మామిడిపళ్ల కాలంలో పంపింది వానలు పడ్డాక వచ్చింది. ఆత్రంగా విప్పితే ఒక్క ముక్క. ఫలానా వరుసలో అర్ధవిరామం లేదు. అంతే. ఒక్క చుక్క, దాని కింద ఒక తోక. దానికోసం అన్ని వారాలు పోయాయి. నేను కాగితాలు నేలకేసి కొట్టాను. చిన్నాయన వంగి ఏరలేడని గుర్తొచ్చి నేనే ఏరుకున్నాను.

రెండోసారి తూప్రాన్ దగ్గర వరదకు బస్సు ఆగి, పోస్టు సంచీ తడిసి, సగం అక్షరాలు కారిపోయి వచ్చాయి. మూడోసారి ప్రోగ్రాము నడిచింది కానీ మధ్యలో ఆగిపోయింది. ఏమీ లేనిదాన్ని ఏదో అడిగావు అని యంత్రం గొణిగింది. ఎక్కడ తప్పో అంతు చిక్కలేదు. చివరికి చిన్నాయన పట్టుకుని పకపకా నవ్వాడు. రోగుల వెంట వచ్చే తోడు మనుషులు కూడా బల్లల మీద చోటు తీసుకుంటారని మేము వాళ్లనూ లోపలికి పంపాం. వాళ్లకు బాధల వరుస ఖాళీ. ప్రోగ్రాము యాదమ్మ అత్తలాంటి ఒకామెను నీ మొదటి బాధ ఏంటి అని అడిగి, అక్కడ ఏమీ లేకపోయేసరికి బిగుసుకుపోయింది.

“ఏ రోగం లేని మనిషి దవాఖానకు రావొచ్చని మనకే తట్టలె” అన్నాడు ఆయాసపడుతూ, నవ్వుతూ. ఆ పని సాగినంత కాలంలో ఆయన నవ్వింది ఆ ఒక్కసారే అనిపిస్తుంది.

ఆఖరికి శుభ్రంగా నడిచింది. జ్వరమున్న గర్భిణులు గదుల మధ్య ఇరుక్కోవడం లేదు. కానీ డాక్టరమ్మ భయపడ్డది నిజమే, లైను పొడుగైంది, దెబ్బలవాళ్లు ఎక్కువసేపు ఆగారు. అప్పుడు దవాఖానా ఆబ్జెక్టుకు గుమ్మం ముందు ఒక బల్ల, ఒక నర్సు కలిపాం. రక్తం కారేవాళ్లను ఆమె ముందే లోపలికి పంపుతుంది, మిగతావాళ్లను కూర్చోబెట్టి అడుగుతుంది. దీనికోసం మిగతా ప్రోగ్రాములో దేన్నీ ముట్టుకోనక్కర లేకపోయింది. కూర్పు అంటే ఏమిటో ఆ రోజు నాకు నిజంగా అర్థమైంది. ఇంకో విడత పోస్టు, ఇంకో విడత ఎదురుచూపు. లెక్క తేలింది. లైను కాస్త పొడుగే, కానీ ఎవరూ మధ్యలో పడిపోరు.

ఆ కాగితాలతో కమిటీ ముందుకు వెళ్లాం. డాక్టరమ్మ కూడా ఉంది. చిన్నాయన కోటు వేసుకున్నాడు. పొడుగైన లైను సంగతి కూడా దాచకుండా అంతా చెప్పాడు. కమిటీ పెద్దాయన ఓపికగా విని, కాగితాలను ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

“సారూ, బొంబాయిల ఉన్న మిషన్‌కు మెదక్ సంగతి ఏమెరుక? రంగు చీటీలు మస్తు అచ్చేయించినం. అయి ఒడిసినంక చూద్దాం తియ్యి. మీరు పానం జర మంచిగ చూసుకోండ్రి, గుండెజబ్బోళ్లు ఇంత పరేషాన్ గావొద్దు.”

డాక్టరమ్మ తల వంచుకుని కాగితాలే చూస్తూ ఉంది. ఇంటికి వచ్చేదారిలో చిన్నాయన చాలాచోట్ల ఆగాడు. ఒక్కచోట కూడా నన్ను ప్రశ్న అడగలేదు.

తర్వాత బొంబాయి స్నేహితుడికి బదిలీ అయింది. కాగితాలు పంపడానికి ఎవరూ లేరు. ఆయన ట్యూషన్లలో పడ్డాడు, నేను నా బడిలో పడ్డాను. వాదనలు తగ్గాయి. మా అమ్మ ఎవరినేమని పిలిచినా ఊరుకునేవాడు. ఇంట్లో ప్రశాంతంగా ఉందని అందరూ సంబరపడ్డారు. నాకది నచ్చలేదు.

ఈ చలికాలం సాయంత్రాలు ఆయన ఒళ్లు వెచ్చబడేదట. మాకు చెప్పలేదు. ఒక్కడే దవాఖానాకు వెళ్లాడు. గుమస్తా ఆయన ముఖం చూసి ఏమీ అడక్కుండానే నీలం చీటీ చేతిలో పెట్టాడు. డాక్టరమ్మ సెలవులో ఉంది. నీలం గదిలో ఉన్న కుర్ర డాక్టరు చీటీ చూసి రోజూ వేసుకునే మాత్రలే మళ్లీ రాశాడు. కొన్నాళ్లకు మళ్లీ వెళ్లాడు. మళ్లీ అదే చీటీ, అవే మాత్రలు. డాక్టరమ్మ తిరిగొచ్చి, వరండాలో ఆయన్ని చూసి, నుదుటి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది. అప్పటికప్పుడు వార్డులో చేర్చుకుంది. పాడైన కవాటం ఉన్నవాళ్లకు జ్వరం పట్టుకుంటే అది మామూలు జ్వరం కాకపోవచ్చట. విషం కవాటం మీదే గూడు కడుతుందట. గుండె, జ్వరం రెండూ ఒకే మనిషిలో ఉన్నాయని ఎవరైనా మొదట్లోనే చూసి ఉంటే మందులు పనిచేసేవేమో. ఆలస్యమైందని ఆమె నాతో చెప్పింది.

నేను మంచం పక్కన కూర్చుని అడిగాను. “జ్వరమని ఎందుకు చెప్పలె చిన్నాయనా?”

“ఎనక మస్తు మంది ఉండ్రి బిడ్డా. లొల్లెందుకని.”

“అందరి కోసం లొల్లి పెట్టేటోనివి. నీ కోసం ఒక్కసారి పెట్టరాలేదా?”

“అలిసిపోయిన” అన్నాడు.

ఆయన మీద కూడా నాకు కోపమే. అది ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదు. సమాధుల తోటలో పాస్టరుగారు ‘గుండెజబ్బుతో ధైర్యంగా పోరాడిన సహోదరుడు’ అన్నప్పుడు అడ్డం పడి, ఆయన పోరాడింది దాంతో కాదండీ అని చెప్పాలనిపించింది. మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

నాలుగు రోజులాగి డాక్టరమ్మ బడికి వచ్చింది. “ఆ కంప్యూటర్ కాగితాలు ఉన్నాయా అమ్మా?” అంది.

“ఇప్పుడెందుకు మేడమ్?”

“నాకు ఆ రోజే నమ్మకం కుదిరింది. కమిటీ ముందు నోరు పెగల్లేదు. ఇప్పుడు పెగులుతుంది.”

ఇద్దరం స్టాఫ్ గదిలో కూర్చుని మొదటి కాగితం నుంచి చూశాం. బల్ల ఎక్కడ వేయాలో, రక్తం కారేవాళ్లను ఎటు పంపాలో ఆమె గుచ్చి గుచ్చి అడిగింది. కమిటీతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. చీటీల కట్టలు ఇంకా బీరువాలో ఉన్నాయని మాత్రం విన్నాను.

మొన్న శనివారం అటు వెళ్లాను. గుమ్మం ముందు బల్ల వేసి ఉంది. ఒక నర్సు కూర్చుని రాసుకుంటోంది. ఎదుట స్టూలు మీద టేక్మాల్ నుంచి వచ్చిన ఒక ముసలవ్వ. లైను గేటు దాటి రోడ్డు మీదకు వచ్చింది.

“మోకాలు నొప్పి రాసిన అవ్వా. ఇంకేమున్నది?”

“కన్ను మసకైతున్నది.”

“రాసిన. ఇంకేమున్నది?”

“జల్ది కానియ్యమ్మా, పొద్దు పోతున్నది” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అవ్వ వెనక్కి తిరిగి ఆ లైనునంతా ఒకసారి చూసింది. “జర ఆగుండ్రి. నన్ను గిట్ల అడిగినోళ్లు లేరు ఇన్నొద్దులు” అంది. కొంగు సర్దుకుని, స్టూలు ముందుకు జరుపుకుని, మోచేయి బల్ల మీద ఆనించి మొదలుపెట్టింది.